పురుడు కాని పిల్లలు

జిల్లా నుంచి పెద్ద డాక్టరు గారు వస్తున్నారని తెలిసి, మా లంకలో సబ్‌సెంటరు గోడకి ముందురోజే వెల్ల వేయించారు. సబ్‌సెంటరు అంటే పెద్ద కట్టడమేమీ కాదు. ఒక గది, ముందు వరండా, వెనక చేతిపంపు. వరండా గోడకి నల్లరంగు పూసి, దాని మీద తెల్లరంగుతో లెక్కలు రాస్తారు. ఊళ్ళో జనం ఎంతమంది, గర్భిణులు ఎంతమంది, కాన్పులు ఎన్ని, టీకాలు ఎన్ని అని. అన్నిటికీ అడుగున "శిశు మరణాలు" అని ఉంటుంది. దాని ఎదురుగా మూడేళ్ళ నుంచీ సున్నాయే. నర్సమ్మ నాగదుర్గ ఆ సాయంత్రం కుంచె పట్టుకుని ఆ సున్నాని మళ్ళీ దిద్దింది. దిద్దుతుంటే నేను పక్కనే ఉన్నాను. ఆమె నా వైపు చూడలేదు.

మా లంక వశిష్ఠ గోదావరి నడుమ ఉంటుంది. నరసాపురం రేవు నుంచి పడవలో గంటసేపు పడుతుంది. మగవాళ్ళు వేటకి పోతారు. ఆడవాళ్ళం చేపలగంప నెత్తిన పెట్టుకుని నరసాపురం బజారుకి పోతాం, మిగిలిన పొద్దంతా అరుగుల మీద కూర్చుని లేసు అల్లుతాం. మా ఆయన పోయాక నేను బతికింది ఆ గంప మీద, ఆ లేసు సూది మీదే. నాకు ఒక్కతే కూతురు, వీరవేణి. దాన్ని ఊళ్ళోనే, వేటకి పోయే రాముడికి ఇచ్చాను. నా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య వలలు ఆరేసుకునేంత దూరం.

ఆ సున్నా ఎలా వచ్చిందో చెప్పాలంటే మా లంక పద్ధతి ఒకటి చెప్పాలి.

మా దగ్గర బిడ్డ పుట్టిన పదకొండో రోజున తల్లికీ బిడ్డకీ నీళ్ళు పోసి, ఇల్లు కడిగి, మైలబట్టలు చాకలికి వేస్తారు. అదే పురుడు. పురుడు అయ్యేదాకా ఆ బిడ్డని ఇంట్లో మనిషిగా చూడరు. వచ్చిన చుట్టంలా చూస్తారు. ఉంటే ఉంటుంది. ఆ లోపల పోతే మెత్తటి పాతచీర ముక్కలో చుట్టి, ఏటిగట్టున తుమ్మచెట్ల వెనక పెట్టి వస్తారు. ఏడుపులుండవు, మైల పట్టరు, చుట్టాలకి కబురు పెట్టరు. తల్లి ఏడిస్తే పెద్దవాళ్ళు నోరు మూయిస్తారు. తలుచుకుంటే ఆ బిడ్డ వెనక్కి తిరిగి చూస్తుందట, రాబోయే బిడ్డని కూడా రమ్మంటుందట. అందుకని మాట్లాడరు. అలా పోయిన తర్వాత పుట్టి నిలిచిన బిడ్డకి మాత్రం మంచి పేరు పెట్టరు. చేటలో తవుడు పోసి, ఆ తవుడుకి బిడ్డని పక్కింటావిడకి అమ్మినట్టు అమ్మి, మళ్ళీ కొనుక్కుని తవిటయ్య అనో తవిటమ్మ అనో పిలుస్తారు. పెంట మీద పడుకోబెట్టి తీసుకుంటే పెంటయ్య. ఎంగిలి విస్తళ్ళలో పొర్లిస్తే పుల్లయ్య. ఎవరికీ అక్కర్లేని పిల్ల అనుకుని మృత్యువు వదిలేస్తుందని.

నాగదుర్గది పాలకొల్లు. మా లంకకి వేసిన కొత్తలో, పొద్దున పడవకి వచ్చి సాయంత్రం పడవకి పోయేది. ఆ ఏడు మా లంకలో ఇద్దరు పిల్లలు పురుడు కాకుండానే పోయారు. నాగదుర్గ కొత్త కదా, ఉన్నది ఉన్నట్టు రాసి నెలాఖరు మీటింగుకి పట్టుకుపోయింది. అక్కడ అందరి ముందూ నిలబెట్టి తిట్టారట. "నువ్వు అక్కడ ఉండి ఏం చేస్తున్నట్టు?" అన్నారట. మర్నాడు కళ్ళు ఉబ్బరించుకుని వచ్చింది. మంచినీళ్ళిచ్చి అడిగితే చెప్పి, వరండాలో కూర్చుని ఏడ్చింది. మాకు ఉక్రోషం వచ్చింది. ఎండనక వాననక ఏరు దాటి వచ్చి మా పిల్లలకి సూదులు వేసే మనిషి. మా ఇళ్ళల్లో పోతే ఆమె ఏం చేస్తుంది?

అప్పటి నుంచి ఎవరింట బిడ్డ పురుడు కాకుండా పోయినా నర్సమ్మకి చెప్పడం మానేశాం. ఎలాగూ మేము మాట్లాడుకోని సంగతే. ఆమె వచ్చి తల్లి ఒడి ఖాళీగా ఉండడం చూసేది. "కడుపు నిలవలేదమ్మా" అనేవాళ్ళం. ఆమె ఇంకో మాట అడిగేది కాదు. అలా గోడ మీద సున్నా వచ్చింది. ఆమెని మీటింగుల్లో తిట్టడం మానేశారు. ఒక ఏడాది మెచ్చుకుని స్టీలు బిందె కూడా ఇచ్చారు. ఆ బిందెని మాకందరికీ చూపించింది. మేమే గెలిచినట్టు సంబరపడ్డాం.

ఆ సున్నాల్లో నా కూతురి బిడ్డలు కూడా ఉన్నారు. మొదటి కాన్పు ఎనిమిదో నెలలోనే వచ్చేసింది. మగపిల్లాడు. చిటికెన వేలంత కాళ్ళు. రెండు రాత్రులు ఉన్నాడు. మరుసటి ఏడు మళ్ళీ అలాగే, ఈసారి ఆడపిల్ల. కాన్పులు చేసే ముసలావిడ చిన్నమ్మాయి అత్త ఆ రెండిటినీ తనే చుట్టి తీసుకుపోయింది. పేరు చిన్నమ్మాయే గాని ఆమెకి డెబ్భై దాటాయి. లంకలో సగం మందికి బొడ్డు కోసింది ఆమే.

ఇప్పుడు వీరవేణికి మూడోసారి ఏడో నెల. ఈసారి నాగదుర్గ మొదటి నుంచీ వెంటపడింది. చేతికి పట్టీ చుట్టి బీపీ చూసి, "నీకు రక్తపోటు పెరుగుతోంది. ముందు రెండుసార్లూ నెలలు నిండకుండా వచ్చింది దీనివల్లే అయ్యుంటుంది. ఉప్పు తగ్గించు. ఎనిమిదో నెల పడ్డాక నేను ఇక్కడే ఉంటాను. ఏ మాత్రం తేడా వచ్చినా నరసాపురం తీసుకుపోతాను" అంది. పడుకోవడానికి సబ్‌సెంటరులో మంచం కూడా వేయించుకుంది. ఆ మాట విన్న రోజున నా కూతురు కడుపు వచ్చినప్పటి నుంచీ మొదటిసారి కడుపునిండా అన్నం తిన్నది.

అందుకే పెద్ద డాక్టరు గారు వస్తున్నారంటే మాకు భయమేమీ లేదు. మా నర్సమ్మకి ఇంకో బిందె వస్తుందనుకున్నాం.

ఆయన పేరు సీతారామరాజు గారు. భీమవరం వైపు మనిషి. వెంట మా ప్రాంతం ఆసుపత్రి డాక్టరు శ్రీకాంత్ గారు వచ్చారు. పొద్దున పోటు మీద లాంచీలో దిగారు. పందిరి కింద కుర్చీలు వేశాం, కొబ్బరిబొండాలు కొట్టి ఇచ్చాం. పెద్ద డాక్టరు గారు గోడ మీద లెక్కలన్నీ నిలబడి చదివారు. తర్వాత మా వైపు తిరిగారు.

"మూడేళ్ళలో ఒక్క పసిబిడ్డ కూడా పోలేదు. చాలా సంతోషం. ఇలాంటి ఊరు మన జిల్లాలో వేళ్ళ మీద లెక్కపెట్టాలి" అన్నారు.

మేము చప్పట్లు కొట్టాం. మంగ అనే మా పక్కింటి పిల్ల, నిరుడు పుట్టిన తన కూతురి చేతులు పట్టుకుని వాటితో కూడా కొట్టించింది.

"ఈ ఏడు నుంచి ప్రభుత్వం డబ్బు ఇచ్చే పద్ధతి మారిందమ్మా" అన్నారాయన. "ఇదివరకు అన్ని ఊళ్ళకీ సమానంగా పంచేవాళ్ళం. ఇప్పుడు ఎక్కడ పిల్లలు ఎక్కువమంది పోతున్నారో అక్కడికి ముందు పంపమన్నారు. మన్యం వైపు ఊళ్ళున్నాయి. పుట్టినవాళ్ళలో పదిమందికి ఒకరు పోతున్నారు. అక్కడ నర్సు లేదు, బండి లేదు. కొత్త పోస్టులు ఇవ్వరు, ఉన్నవాటినే సర్దుకోవాలి. మీ దగ్గర ఇబ్బంది లేదు కాబట్టి, వచ్చే నెల నుంచి ఇక్కడి పోస్టు అటు వెళ్తుంది. మిమ్మల్ని గట్టు మీది సబ్‌సెంటరులో కలుపుతాం. ఆ నర్సు నెలకోసారి వచ్చి టీకాలు వేస్తుంది."

చప్పట్ల కోసం ఎత్తిన చేతులు అలాగే ఆగిపోయాయి. నేను వీరవేణి వైపు చూశాను. అది పందిరి గుంజని పట్టుకుని నిలబడి ఉంది. ఎనిమిదో నెల వచ్చే నెలలోనే పడుతుంది.

మధ్యాహ్నం బడిలో వాళ్ళకి భోజనాలు. రొయ్యల ఇగురు, బొమ్మిడాయిల పులుసు మేమే వండాం. ఈలోగా పాటు తీసి, ఏటి నీళ్ళు వెనక్కి పోయి, లాంచీ బురదలో కూర్చుంది. మళ్ళీ పోటు ఎక్కేదాకా వాళ్ళు కదలలేరు. ఆ రెండు మూడు గంటలే మాకు మిగిలింది.

ఆడవాళ్ళమందరం చిన్నమ్మాయి అత్త అరుగు మీద చేరాం. అలవాటు కొద్దీ అందరి చేతుల్లోనూ లేసు సూదులున్నాయి గాని ఎవరూ అల్లడం లేదు.

"వెళ్ళి చెప్పేద్దాం. పోలేదన్నది అబద్ధం, పోయారు అని చెప్పేద్దాం" అన్నాను నేను.

"చెప్పు మరి" అంది చిన్నమ్మాయి అత్త. "ఇందాక చప్పట్లు కొట్టిందెవరే మాలచ్చీ? అందరికన్నా నీదే పెద్దగా వినపడింది."

"నీది వినపడలేదా ఏంటి? చేతికున్న కడియం విరిగిపోద్దేమో అనుకున్నా."

మంగ నవ్వబోయి ఆగింది. "చెప్తే మన నర్సమ్మ ఉద్యోగం పోద్దేమో గదండి? దాచిపెట్టిందంటారు గదా" అంది.

"అది ఒకటి" అంది అత్త. "ఇంకోటి నేను చెప్తన్నా వినండి. కడుపుతో ఉన్న పిల్లని పక్కన పెట్టుకుని పోయినోళ్ళ మాట ఎత్తుతారా? ఇన్నేళ్ళు వచ్చాయి నాకు, నా నోటి నుంచి ఒక్కరోజు వచ్చిందా ఆ మాట? వద్దు. ఏదో మన రాత ఎలా ఉంటే అలా అవుద్ది. అయినా ఆ మన్యం ఆడోళ్ళు మాత్రం తల్లులు కారా? వాళ్ళకి నర్సు వద్దా?"

ఆ మన్యం తల్లుల్ని నేనెప్పుడూ చూడలేదు. కాని వాళ్ళ పిల్లలు పోతే ఎవరో ఒకరు రాసి పంపుతున్నారు, అందుకని వాళ్ళకి మనిషిని పంపుతున్నారు. మేము పోగొట్టుకుని కూడా నోరు మూసుకున్నాం. అంతే తేడా అనిపించింది.

అంతలో నాగదుర్గ వచ్చింది. చేతిలో మజ్జిగ చెంబు ఉంది. బడిలో డాక్టర్లకి పోసి వస్తున్నట్టుంది. మా మొహాలు చూడగానే ఆమెకి అర్థమైంది. అరుగు చివర కూర్చుంది.

"మీరేం మాట్లాడుకుంటున్నారో నాకు తెలుసండి" అంది.

"నీకు మాట రానివ్వం నర్సమ్మా. ఇంకేదన్నా దారి చూద్దాం" అన్నాను.

"ఇంకేం దారి ఉందండి? నేను చెప్తే నాకు మెమో ఇస్తారు. మీరు చెప్పినా నాకే ఇస్తారు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఆయనకి పని లేదు." చెంబు మూత తీసి మళ్ళీ పెట్టింది. "చెప్పకపోతే మన్యం వెళ్ళిపోతాను. వీరవేణి ఇక్కడ ఉండిపోద్ది. ఆయన చెప్పినప్పటి నుంచి ఇదే తిరుగుతోంది బుర్రలో. చెప్పమని నేను అనలేనండి. వద్దని కూడా అనలేను."

"నిన్ను తిట్టారని మేము దాచాం తల్లీ" అంది మంగ.

"దాచారని నేనూ అడగలేదు" అంది నాగదుర్గ. "మీ ఇంటికొచ్చినప్పుడల్లా పాలతో తడిసిన రవికలు చూసేదాన్ని. అయినా అడగలేదు. బిందె ఇచ్చినప్పుడు ఇంటికెళ్ళి దాన్లో నీళ్ళు కూడా పట్టలేకపోయాను."

ఆమె లేచి వెళ్ళిపోయింది.

నాకు ఆ పిల్ల మీద జాలి వేసింది. నా కూతురికి మేలు కావాలని ఇంకొకరి కూతురి కూడు తీయడం ఎలా? "పోనీలే. ఎనిమిదో నెల పడగానే నేనే వీరవేణిని తీసుకుని నరసాపురంలో గది అద్దెకి తీసుకుంటాను. చేపలు అక్కడే అమ్ముకుంటాను" అన్నాను. అందరూ అదే మంచిదన్నారు. అత్త కూడా తల ఊపింది.

వీరవేణి మాత్రం లేచి నిలబడింది.

"నువ్వు నన్ను తీసుకుపోతావమ్మా. మరి మంగని ఎవరు తీసుకుపోతారు మళ్ళీ కడుపొస్తే?" అంది. చీర చెంగు నడుముకి దోపుకుని రేవు వైపు నడిచింది.

"ఒసే, వద్దే! ఆ నోటితో ఆ మాట అనకే!" అని చిన్నమ్మాయి అత్త అరిచింది. అది వినిపించుకోలేదు. మేమందరం లేచి దాని వెనక పడ్డాం. అత్త కూడా కర్ర పట్టుకుని తిట్టుకుంటూ వచ్చింది.

రేవులో చింతచెట్టు నీడన సీతారామరాజు గారు, శ్రీకాంత్ గారు కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. నీళ్ళు అప్పుడప్పుడే లాంచీ పక్కలకి ఎక్కుతున్నాయి. నాగదుర్గ కాస్త ఎడంగా సంచీ పట్టుకుని నిలబడి ఉంది. పెద్ద డాక్టరు గారు పడవ నడిపేవాళ్ళతో కబుర్లు చెబుతున్నారు.

"నీ పేరేంటోయ్?"

"పెంటయ్యండి ఆయ్."

"అతని పేరు?"

"మా తమ్ముడండి. తవిటయ్యంటారండి."

వీరవేణి వచ్చి ఆయన ముందు నిలబడింది. ఆయన దాని కడుపు చూసి, "ఆ కుర్చీ ఇటు వేయండి, కూర్చోమ్మా" అన్నారు. అది కూర్చోలేదు.

"అయ్యగారండి, ఆ పేర్లు ఎందుకు పెడతారో మీకు తెలుసాండి?" అంది.

శ్రీకాంత్ గారు ఏదో అనబోయారు. పెద్దాయన చెయ్యెత్తి ఆపారు. కాసేపు పెంటయ్య వైపు, తవిటయ్య వైపు చూశారు.

"మా తాతగారి పేరు పుల్లంరాజు" అన్నారు. "ఆయనకి ముందు మా ముత్తవ్వకి ముగ్గురు పోయారట."

"వీళ్ళమ్మకి కూడా పోయారండి" అంది వీరవేణి.

"అవి పాతరోజులమ్మా. అప్పుడు ఆసుపత్రులు లేవు."

వీరవేణి మంగ దగ్గరికి వెళ్ళి దాని చంకలో ఉన్న పిల్లని ఎత్తుకుంది. "ఇది నిరుడు కార్తీకంలో పుట్టిందండి. దీని పేరేంటో దీన్నే అడగండి."

పిల్లకి ఇంకా మాటలు రావు. మంగే చెప్పింది. "తవిటమ్మండి."

సీతారామరాజు గారు కుర్చీలో ముందుకి జరిగారు. గోడ మీద సున్నా అక్కడికి కనబడదు గాని, ఆయన చూపు సబ్‌సెంటరు వైపే వెళ్ళింది.

"దీనికి ముందు?" అన్నారు.

"ఒక బాబండి" అంది మంగ. "పురుడు కాలేదండి."

"నాకు ఇద్దరండి" అంది వీరవేణి. ఒక చేయి పొట్ట మీద పెట్టుకుంది. "బాబు, పాప. మా దగ్గర వాళ్ళ మాట ఎత్తరండి. ఎత్తితే ఈ కడుపులో దానికి మంచిది కాదంటారు. నాకూ భయంగానే ఉందండి. అయినా చెప్పకపోతే మీరు నర్సమ్మని తీసుకుపోతారు గదా."

అది ఆ మాటలు చెబుతున్నప్పుడు చిన్నమ్మాయి అత్త దాని పక్కన వచ్చి నిలబడింది. దాని నోరు మూయిస్తుందేమో అనుకున్నాను. ఆమె పెద్ద డాక్టరు గారి వైపు చూసి, "వీళ్ళకేం తెలుసు బాబూ" అంది. "ఏయే ఇంట ఎప్పుడు పోయారో నేను చెప్తాను. నేనే కదా తీసుకెళ్ళి పెట్టింది. ఆ తుమ్మచెట్ల వెనక."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఫలానావారి రెండో కోడలు, వరదొచ్చిన ఏడు. ఫలానావారి చిన్న కూతురు, పుట్టింటికొచ్చినప్పుడు. ఇళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెబుతుంటే, ఆ ఇళ్ళ ఆడవాళ్ళు ఒక్కొక్కరే ముందుకొచ్చి నిలబడ్డారు. ఏడుపులేమీ లేవు. అవునండి, మగపిల్లాడండి. అవునండి, కామెర్లు వచ్చాయండి. పాలు పట్టలేదండి. ఒళ్ళు చల్లబడిపోయిందండి. శ్రీకాంత్ గారు జేబులు తడుముకున్నారు గాని కాగితం దొరకలేదు. నాగదుర్గ సంచీలోంచి కాగితాలు తీసి, నేల మీద కూర్చుని రాయసాగింది. అందులో మా వీరవేణి పిల్లలిద్దర్నీ కూడా రాసింది.

అత్త ఆగాక పెద్ద డాక్టరు గారు నాగదుర్గని పిలిచారు.

"నీకు ఇవన్నీ తెలుసా అమ్మా?"

తెలియదంటే సరిపోయేది. మేమందరం మా నర్సమ్మకి తెలియదనే చెప్పేవాళ్ళం.

"తెలుసండి" అంది ఆమె. "నోటితో ఎవరూ చెప్పలేదండి. కాని తెలుసు."

"తెలిసి రాయకపోవడం చిన్న సంగతి కాదు. నీ ఒక్క సున్నా మండలంలో కలుస్తుంది, మండలం జిల్లాలో కలుస్తుంది. పైన వాళ్ళు దాన్ని చూసే డబ్బు ఎటు పంపాలో నిర్ణయిస్తారు."

"తెలుసండి."

ఆయన లేచి కొంచెం దూరం నడిచి, నీళ్ళ దగ్గర నిలబడి తిరిగొచ్చారు. కోపంగా ఉన్నారో లేదో నాకు తెలియలేదు.

"నేను ఇక్కడ నిలబడి ఏదీ తేల్చలేను" అన్నారు మాతో. "ఒక డాక్టరుని పంపి ఇంటింటికీ విచారణ చేయిస్తాను. ఇది నిజమని తేలితే మీ పోస్టు కదలదు. పైగా మీకు రావలసింది వస్తుంది. కాని ఈ అమ్మాయి మీద యాక్షన్ తీసుకోకుండా ఉండడం నా చేతిలో లేదు."

"తీసుకోండి బాబుగారండి" అంది వీరవేణి. "కాని నా కాన్పు అయ్యాక తీసుకోండి."

శ్రీకాంత్ గారు మొహం పక్కకి తిప్పుకున్నారు. సీతారామరాజు గారికి మాత్రం నవ్వు వచ్చింది, దాచుకోలేదు. "నీకు ఎన్నో నెల?" అని అడిగారు. చెప్పింది. బీపీ ఎంత ఉందని నాగదుర్గని అడిగారు. ఆమె చెప్పింది. ఆయన నవ్వు ఆగిపోయింది. "వారానికి రెండుసార్లు చూడు. నేను నరసాపురం ఆసుపత్రిలో చెప్పి ఉంచుతాను" అన్నారు. ఈలోగా లాంచీ తేలింది. ఎక్కి వెళ్ళిపోయారు.

చిన్నమ్మాయి అత్త దారిపొడుగునా వీరవేణిని తిడుతూనే వచ్చింది. ఇంటికి రాగానే ఉప్పు, మిరపకాయలు తిప్పి దిష్టి తీసింది.

విచారణ జరిగింది. ఒక డాక్టరమ్మ వచ్చి ఇంటింటికీ తిరిగింది. మూడేళ్ళ లెక్క తేలాక, జిల్లా మొత్తంలో మొదటి వరసలో ఉన్న మా లంక అడుగు వరసకి దిగిందని శ్రీకాంత్ గారు చెప్పారు. కొందరు మగవాళ్ళకి ఇది నామోషీ అనిపించింది. నరసాపురం రేవులో ఎవరో ఎగతాళి చేశారని పెంటయ్య వచ్చి మా మీద కేకలేశాడు. "నీ పేరు మార్చుకో ముందు, తర్వాత మాట్లాడు" అని వాళ్ళావిడే అతని నోరు మూయించింది.

పోస్టు మా లంకలోనే ఉంది. రోగుల్ని గట్టుకి చేర్చడానికి మోటారు పడవ ఇస్తామని కాగితం కూడా వచ్చింది. పడవ ఇంకా రాలేదు. వస్తుందంటున్నారు.

నాగదుర్గకి మెమో వచ్చింది. రెండేళ్ళపాటు జీతం పెరగదన్నారు. ఆ కాగితం నాకు చూపించింది. నేను చదివి, మడిచి ఆమె చేతిలో పెట్టాను. "ఉద్యోగం తీయలేదు కదండి" అని ఆమే నన్ను ఓదార్చింది. తర్వాత చాలారోజులు మాతో ముభావంగానే ఉంది. బీపీ చూసేది, మాత్రలిచ్చేది, వెళ్ళేది. అరుగు మీద కూర్చునేది కాదు. మాకు ఎలా మాట్లాడాలో తెలియలేదు. ఎనిమిదో నెల పడగానే మాత్రం సంచీ సర్దుకుని వచ్చి సబ్‌సెంటరులో మకాం పెట్టింది.

తొమ్మిదో నెల మొదట్లో ఒకనాటి పొద్దున్న వీరవేణికి కళ్ళు మసకలు కమ్మాయి, పాదాలు ఉబ్బాయి. నాగదుర్గ పట్టీ చుట్టి చూసి, వెంటనే పెంటయ్యని పిలిచింది. మోటారు లేని పడవలోనే తీసుకుపోయాం. ఏరంతా ఆమె నా కూతురి చేయి వదల్లేదు. నరసాపురం ఆసుపత్రిలో ఆ సాయంత్రమే కాన్పు చేశారు. ఆడపిల్ల. చిన్నదే, కాని ఏడ్చింది. ముందు ఇద్దరూ ఏడవలేదు.

పాపని తల్లి రొమ్ములకి ఆనించి, చీరతో కట్టి ఉంచమని అక్కడ నేర్పారు. వారం రోజులు ఉంచుకుని పంపించారు. ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే నాగదుర్గ రిజిస్టరు పట్టుకుని వచ్చింది. ఇంకా పురుడు కాలేదు. చిన్నమ్మాయి అత్త గుమ్మంలో కర్ర అడ్డం పెట్టింది.

"ఏం తొందరొచ్చిందమ్మా నర్సమ్మా? నీళ్ళు పోయనీ. పేరు పెట్టనీ. అప్పుడు రాసుకుందువుగాని."

నాగదుర్గ గుమ్మం బయటే ఆగిపోయింది. "సరేనండి, తర్వాతే వస్తాను" అని వెనక్కి తిరిగింది.

"రండి లోపలికి" అంది వీరవేణి మంచం మీంచి. "అత్తా, ఆ కర్ర తియ్యి. ఉన్నా, ఏదైనా అయినా, ఇది పుట్టింది కదా. పుట్టిందని రాయనీ."

అత్త గొణుక్కుంటూ కర్ర తీసింది. నాగదుర్గ వచ్చి మంచం పక్కన కూర్చుంది. చాలారోజుల తర్వాత మా ఇంట్లో కూర్చోవడం. పేరు రాసేచోట చిన్న గీత గీసింది. తల్లి పేరు వీరవేణి, తండ్రి పేరు రాముడు అని రాసింది. ఆడ అని రాసింది. పుట్టిన తేదీ, బరువు రాసింది.

"పాలు తాగుతోందని కూడా రాయండి" అంది వీరవేణి.

"దానికి గడి లేదు వీరవేణీ."

"పక్కన ఖాళీ ఉంది గదండి. అక్కడ రాయండి."

నాగదుర్గ పుస్తకం అంచున చోటు చూసుకుని, చిన్న అక్షరాలతో రాసింది.